నాన్నకు 76, ఊపిరితిత్తిలో రెండు మచ్చలు. ఆపరేషన్‌కి వెళ్ళాలా, వద్దా?

కాకినాడ_కాజా
మా నాన్నకు 76 నిండాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. 2021లో పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, తర్వాత ఆరు నెలలు కీమో. అరికాళ్ళ తిమ్మిర్లు తప్ప వేరే బాధేమీ మిగల్లేదు. పొద్దున్నే టీకొట్టు దాకా రెండు కిలోమీటర్లు నడిచి వస్తారు. మొన్న మామూలు చెకప్‌లో సీఈఏ (క్యాన్సర్ తిరగబెడుతోందా అని చూసే రక్తపరీక్ష) 3 నుంచి 11కి పెరిగింది. సీటీ తీస్తే కుడి ఊపిరితిత్తిలో రెండు మచ్చలు. కింది భాగంలో 11 మి.మీ., పై భాగంలో 7 మి.మీ. లివర్ శుభ్రంగా ఉంది. చురుగ్గా ఉన్న మచ్చలు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో పెద్దది వెలిగింది, చిన్నది వెలగలేదు.

ముగ్గురు డాక్టర్లకి చూపించాం. ఒకాయన కీహోల్‌లో (చిన్న రంధ్రాల ద్వారా) రెండూ తీసేద్దాం, నాలుగు రోజుల్లో ఇంటికి పంపిస్తా అన్నారు. రెండో ఆయన ఈ వయసులో కోత వద్దు, ఐదు సిట్టింగుల్లో కరెంటు (రేడియేషన్) పెట్టేద్దాం అన్నారు. మూడో ఆవిడ ఇప్పుడేమీ చేయొద్దు, రెండు నెలలాగి మళ్ళీ సీటీ తీయండి అన్నారు. ముగ్గురూ పేరున్నవాళ్ళే. ఫీజు కూడా ముగ్గురిదీ ఒకటే.

షుగర్, బీపీ ఉన్నాయి. 2017లో గుండెకి స్టెంట్ వేశారు. బీడీలు 2005లో మానేశారు. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య "ఆలస్యం చేయకుండా తీయించేయండి" అంటాడు. అమ్మేమో "ఈ వయసులో ఇంకా కోతలెందుకే" అంటుంది. నాకు రెండు వారాలుగా సరిగా నిద్ర లేదు. మీ ఇళ్ళల్లో ఇలాంటిది వస్తే ఏం చేశారు?

నర్సింలు_నల్లగొండ
చేయించొద్దు. మా నాయినకు 74కి చేయించినం. ఆయనది కూడా పేగు క్యాన్సరే, ఊపిరితిత్తిలో ఒకటే గడ్డ. ఆపరేషన్ సక్సెస్ అన్నరు. సక్సెసే, కాదనను. కానీ 26 రోజులు ఆసుపత్రిల ఉన్నడు. ఇంటికొచ్చినంక మిషన్ ఆక్సిజన్ లేకుంటే బాత్రూం దాకా పోలేకపోయిండు. ఏడు నెలలు అట్లనే ఉన్నడు, ఆ తర్వాత పోయిండు. అంతకుముందు పొలం కాడికి సైకిల్ మీద పోయేటోడు. ఏ ఆసుపత్రో అడగకున్రి, చెప్పను.

గట్టుమీద_గంగ
నర్సింలు గారూ, మీ నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ అందరికీ అలాగే అవుతుందని చెప్పకండి. మా అమ్మకు మలాశయం క్యాన్సర్. నాలుగేళ్ళ తర్వాత ఎడమ ఊపిరితిత్తిలో ఒక మచ్చ వచ్చింది, అప్పటికి ఆవిడకు 72. కీహోల్‌లో ఆ ముక్క వరకే తీశారు. ఐదో రోజు ఇంటికొచ్చింది. ఇప్పుడు 78. ఈ వేసవిలో ఆవకాయ కూడా తనే కలిపింది, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు.

పుల్లట్టు
ఆవకాయ కలపగలిగితే ఊపిరితిత్తులు భేష్. దీన్ని కూడా ఒక పరీక్షగా పెట్టాలి.

మత్తుడాక్టరు
ఛాతీ ఆపరేషన్లకు మత్తు ఇవ్వడమే నా పని, కాబట్టి నా మాట కొంచెం ఒకవైపు మొగ్గితే క్షమించండి. నర్సింలు గారూ, ఒక్క ప్రశ్న. మీ నాన్నగారికి ఎంత భాగం తీశారు? గడ్డ వరకేనా, లేక లోబ్ (ఊపిరితిత్తిలో ఒక పెద్ద విభాగం) మొత్తమా?

నర్సింలు_నల్లగొండ
లోబ్ మొత్తం. గడ్డ నడిమధ్యల ఉన్నదట. చుట్ట తాగేటోడు, 50 ఏండ్లు తాగిండు.

మత్తుడాక్టరు
అసలు తేడా అదే. గంగ గారి అమ్మగారికి తీసింది అంచున ఉన్న చిన్న ముక్క. మీ నాన్నగారికి తీసింది ఒక లోబ్ మొత్తం, అదీ పొగతో అప్పటికే పాడైన ఊపిరితిత్తిలోంచి. రెండిటినీ "ఊపిరితిత్తి ఆపరేషన్" అనే అంటాం గానీ, మనిషి శరీరానికి అవి రెండు వేరు వేరు సంఘటనలు.

మేం వేసే లెక్క సులువే. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 భాగాలు అనుకోండి. కుడివైపు కింది లోబ్ తీస్తే అందులో 5 పోతాయి, 14 మిగులుతాయి. ఊదుడు పరీక్షలో మనిషి సామర్థ్యం 75 శాతం వచ్చిందంటే, ఆపరేషన్ తర్వాత సుమారు 55 మిగులుతుంది. ఆ అంకె 40 కన్నా కిందికి వస్తే మాకు గుబులు మొదలవుతుంది. అంచున చిన్న ముక్క తీస్తే ఈ లెక్కలో పెద్దగా కదలికే ఉండదు. దీంతోపాటు డీఎల్‌సీఓ అని ఇంకో పరీక్ష ఉంది, గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి ఎంత బాగా దిగుతుందో చూపిస్తుంది. బీడీలు తాగినవాళ్ళకి అది తప్పనిసరి. చాలాచోట్ల మొదటిది చేసి రెండోది వదిలేస్తారు.

కాజా గారూ, రెండు మచ్చలూ అంచున ఉన్నాయా, లోతుగా ఉన్నాయా? ఏ వయసైనా ముందు అడగాల్సింది ఇదే. ఇంకోటి, నాన్నగారు ఆగకుండా ఎన్ని అంతస్తులు ఎక్కగలరు?

కాకినాడ_కాజా
పెద్దది అంచునే ఉందన్నారు. చిన్నది కొంచెం లోపల. మాది గ్రౌండ్ ఫ్లోర్, మెట్లు ఎక్కే అవసరమే రాలేదు. రేపు చూస్తాను.

ఫ్రిస్కో_ఫణి
మీ అన్నయ్యగారి మాటే కరెక్ట్. 1997లో ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీ ఫలితాలు వచ్చాయి, 5206 మంది ఆపరేషన్ల రికార్డు. మచ్చలన్నీ పూర్తిగా తీయగలిగినవాళ్ళలో 36 శాతం ఐదేళ్ళు బతికారు, 26 శాతం పదేళ్ళు బతికారు. మొదటి క్యాన్సర్‌కీ ఊపిరితిత్తిలో మచ్చ రావడానికీ మధ్య మూడేళ్ళు పైబడితే, మచ్చ ఒకటే అయితే ఇంకా మెరుగు. ఇది నాలుగో స్టేజ్ జబ్బండీ! ఇంత మంచి అవకాశం ఉంటే ఎవరైనా వదులుకుంటారా?

ఒంటిపూట_బడి
ఫణి గారూ, నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్ళు హెడ్‌మాస్టరుగా. పదో తరగతికి నూటికి నూరు ఫలితాలు రావాలంటే ఏం చేస్తారో నాకు తెలుసు. తప్పుతాడనుకున్న పిల్లవాడిని పరీక్షకే కూర్చోనివ్వరు. మీ 5206 మందిలో అలా ముందే వడగట్టి పంపినవాళ్ళు ఎంతమంది?

మత్తుడాక్టరు
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. ఆ అంకెలు ఆపరేషన్‌కి తగినవాళ్ళని ఏరి చేసినవారివి. ఆపరేషన్ లేకుండా అలాంటివాళ్ళే ఎన్నాళ్ళు ఉండేవారో ఆ రిజిస్ట్రీ చెప్పదు. అది తేలుద్దామనే బ్రిటన్ వాళ్ళ నాయకత్వంలో పుల్‌మిక్ అని ఒక ట్రయల్ పెట్టారు. పేగు క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకినవాళ్ళలో ఎవరికి ఆపరేషన్, ఎవరికి కాదు అన్నది లాటరీలా నిర్ణయించారు. 2010 చివర మొదలై 2016 చివర ఆగిపోయింది, చేరేవాళ్ళు చాలినంతమంది దొరక్క. మొత్తం 93 మందే. ఆపరేషన్ అయినవాళ్ళ సగటు ఆయుష్షు 3.5 ఏళ్ళు, కానివాళ్ళది 3.8. అంటే దాదాపు సమానం. ఆపరేషన్ లేకపోతే ఐదేళ్ళు దాటేవాళ్ళు నూటికి ఐదుగురైనా ఉండరని అంతకుముందు సర్జన్లు అనుకునేవారు. ఈ ట్రయల్‌లో ఆపరేషన్ కానివాళ్ళలో సుమారు 30 శాతం మంది దాటారు.

ఫ్రిస్కో_ఫణి
93 మందితో ఏం తేలుతుంది డాక్టర్ గారూ? అంత చిన్న ట్రయల్‌తో ఆపరేషన్ వల్ల లాభం లేదని ఎలా అంటారు?

మత్తుడాక్టరు
లాభం లేదని నేననలేదు. లాభం ఉన్నా అది మనం అనుకున్నంత పెద్దది కాకపోవచ్చు అంటున్నా. 40 ఏళ్ళ మనిషైతే ఆ చిన్న లాభం కోసమైనా దూకొచ్చు. 76లో ఆ లాభానికి ఎంత మూల్యం కట్టాలో కూడా చూసుకోవాలి. మూడో డాక్టరమ్మ ఆగమన్నది అందుకే అయ్యుండొచ్చు. ఆ రెండు నెలల్లో మచ్చలు రెండే ఉంటాయా, ఐదవుతాయా అన్నది తెలుస్తుంది. ఐదైతే ఆపరేషన్ చేయకపోవడమే మంచిదైందని అర్థం. నెమ్మదిగా పెరిగే జబ్బులో రెండు నెలలకి చేయి దాటిపోయేదేమీ ఉండదు.

కాకినాడ_కాజా
ఆగడం అంటే చేతులు కట్టుకు కూర్చోవడం అనుకున్నాను. ఈ కోణంలో ఎవరూ చెప్పలేదు. ఓపీలో మాకు దొరికింది ఆరు నిమిషాలు.

చెన్నై_చంద్రిక
ముందు అది క్యాన్సరేనా అని చూడండి. మా మామగారికి 71. పెట్ స్కాన్‌లో మచ్చ బల్బులా వెలిగింది. అందరం ఏడ్చాం. సూదితో ముక్క తీసి చూస్తే టీబీ. ఆరు నెలలు మాత్రలు వాడాక చిన్న మరక మిగిలింది, అంతే. మన దేశంలో ఊపిరితిత్తిలో వెలిగేదంతా క్యాన్సర్ కాదు.

మత్తుడాక్టరు
చాలా ముఖ్యమైన మాట. సీఈఏ కూడా పెరిగింది కాబట్టి కాజా గారి నాన్నగారి విషయంలో అనుమానం క్యాన్సర్ వైపే ఎక్కువ. అయినా కరెంటు పెట్టాలనుకుంటే ముందు ముక్క పరీక్ష అడగండి, ఎందుకంటే కాల్చేశాక అదేమిటో చూడ్డానికి ఏమీ దొరకదు. కోసి తీస్తే ఆ ముక్కే పరీక్షకు పోతుంది. చిన్నది వెలగలేదని ధీమా వద్దు, 8 మి.మీ. కన్నా చిన్నవాటిని పెట్ సరిగా పట్టుకోదు.

గట్టుమీద_గంగ
మా అమ్మకి లివర్‌లో ఏమీ లేకుండా నేరుగా ఊపిరితిత్తికి ఎలా వచ్చిందని నాకో సందేహం ఉండేది. పేగు రక్తమంతా ముందు లివర్‌కే పోతుందట, అందుకే పేగు క్యాన్సర్ ఎక్కువగా ముందు అక్కడ ఆగుతుంది. మలాశయం కింది భాగం రక్తం మాత్రం లివర్‌ని తప్పించుకుని గుండెకి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి పోతుందని సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది.

పుల్లట్టు
బైపాస్ రోడ్డు అన్నమాట. ఊళ్ళోకి రాకుండా నేరుగా హైవే ఎక్కేసింది.

వార్డు_సిస్టర్
ఇంతమంది ఇన్ని చెప్పారు. నాన్నగారేమంటున్నారు? అది మాత్రం ఎవరూ అడగలేదు.

కాకినాడ_కాజా
ఆయనకు చెప్పలేదు సిస్టర్. ఛాతీలో నిమ్ము చేరింది, దానికే పరీక్షలు అని చెప్పాం.

వార్డు_సిస్టర్
అయ్యో.

నర్సింలు_నల్లగొండ
చెప్పకపోవుడే మంచిది. మా నాయినకు చెప్పినం. తెల్లారి నుంచి అన్నం మానేసిండు. పెద్దోళ్ళకు చెప్పి ఏం సాధిస్తం?

చెన్నై_చంద్రిక
నేనూ నర్సింలు గారి పక్షమే. మా మామగారికి టీబీ అని తేలేదాకా ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ పది రోజుల్లోనే గుండె ఆగేది.

గట్టుమీద_గంగ
నేను ఒప్పుకోను. మరి కోతకి సంతకం ఎవరు పెడతారు? నిమ్ముకి ఛాతీ కోస్తున్నారని చెబుతారా?

పుల్లట్టు
నిమ్ము కదా అని పెరుగు కూడా మాన్పించి ఉంటారు.

కాకినాడ_కాజా
పుల్లట్టు గారూ, నిజమే. మూడు వారాలుగా పెరుగు తినట్లేదు. పొద్దునా సాయంత్రం పసుపు వేసి ఆవిరి కూడా పడుతున్నారు. ఆయన ముసుగు కప్పుకుని కూర్చుంటే చూడలేక నేను వంటింట్లోకి పోతున్నాను.

ఒంటిపూట_బడి
అమ్మా, నేనిక్కడ ఎక్కువ రాయను, ఇవాళ రాస్తాను. నాకు 79. కిడ్నీ క్యాన్సర్. 2015లో ఎడమ కిడ్నీ తీశారు. 2022లో రెండు ఊపిరితిత్తుల్లోనూ కలిపి మూడు మచ్చలు. నా పిల్లలూ నాకు చెప్పలేదు. "కఫం గడ్డకట్టింది" అన్నారు. రిపోర్టు చదవడం రాని మనిషిని కాను, కానీ ఫైలు నా చేతికివ్వలేదు. ఇంట్లోకి వెళితే మాటలు ఆగిపోయేవి. కోడలు నాకిష్టమని రోజూ గుత్తివంకాయ చేసేది. పోతున్నవాడికి చేసినట్టు ఉందనిపించి ఒకరోజు కంచం తోసేశాను. అలా నెల గడిచింది. జబ్బు పెట్టిన బాధ ఆ నెలలో సున్నా. నా ఇంట్లో నేను చుట్టంలా ఉండడం మాత్రం భరించలేకపోయాను.

చివరికి నేనే ఆటోలో వెళ్ళి డాక్టరును కలిసి అడిగాను. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పాడు. రెండువైపులా ఉన్నాయి, ఒకటి లోతుగా ఉంది, కోస్తే రెండుసార్లు కోయాలి. నాకు నడుమునొప్పి, సరిగా వంగలేను, ఛాతీ కోతలు రెండు అంటే మంచానికి అంటుకుపోతానని నా లెక్క. కరెంటు పెట్టించుకుంటానన్నాను. ఒక్కో మచ్చకి కొన్ని సిట్టింగులు, మొత్తం నాలుగు వారాల్లో అయిపోయింది. తర్వాత దగ్గు, నీరసం రెండు నెలలు ఉన్నాయి. ఇప్పుడు రెండు మచ్చలు ముడుచుకుపోయాయి. మూడోది అలాగే కూర్చుంది, పెరగడం లేదు, నేనూ దాన్ని కదపడం లేదు.

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌లో చదివిన పాత కేసు ఒకటి ఉంది. బార్నీ, చర్చిల్ అనే అమెరికా డాక్టర్లు కిడ్నీ క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకిన ఒకరికి ఆ కిడ్నీ, ఊపిరితిత్తిలో జబ్బున్న భాగం రెండూ తీసేసి 1939లో రాశారు. ఆ పేషెంటు 23 ఏళ్ళు బతికి గుండెజబ్బుతో పోయారు. సర్జన్లందరికీ అది పురాణకథలాంటిది. చదివి నేనూ ఊగిపోయాను. తర్వాత అనిపించింది, అలా బతకనివాళ్ళ గురించి ఎవరు రాస్తారని.

కోయించుకోమనీ వద్దనీ నేను చెప్పను. ఆయన్ని అడగండి.

ఫ్రిస్కో_ఫణి
మాస్టారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. కరెంటు గురించి ఒక మాట చేరుస్తాను. సాబర్-కామెట్ అని 2019లో ఒక ట్రయల్ ఫలితం వచ్చింది, 99 మందితో. ఐదుకి మించకుండా మచ్చలున్నవాళ్ళకి గురిపెట్టి కరెంటు పెడితే సగటున 41 నెలలు, మామూలు వైద్యంతో 28 నెలలు. కాకపోతే కరెంటు పెట్టిన 66 మందిలో ముగ్గురు ఆ చికిత్స వల్లే చనిపోయారు. కరెంటు అంటే కోత లేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు చాలామంది.

పుల్లట్టు
ఫణి గారు నిన్నటిదాకా కోయమన్నారు, ఇవాళ కాల్చమంటున్నారు.

ఫ్రిస్కో_ఫణి
మాస్టారి తర్వాత మాట్లాడితే ఎవరైనా తగ్గి మాట్లాడతారు.

నిర్వాహకుడు
డోసులు, మందుల పేర్లు అడుగుతూ రాసిన రెండు పోస్టులు తీసేశాను. స్టెంట్ ఉన్నవాళ్ళు రక్తం పలచన చేసే మాత్ర ఎప్పుడు ఆపాలన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు.

మత్తుడాక్టరు
నిర్వాహకుడి మాటకు నా ఓటు. ఆ మాత్రలు సొంతంగా ఆపకండి, ఆపరేషన్ ఉందని గుండె డాక్టరుకి చెప్పండి, ఆయనా మత్తు డాక్టరూ మాట్లాడుకుంటారు. దాని మీద ఎక్కువ చెప్పను.

కాకినాడ_కాజా
చెప్పేశాను. నిన్న రాత్రి భోజనాలయ్యాక.

ఏడుస్తారనుకున్నా. ఏడవలేదు, కోప్పడ్డారు. జబ్బు మీద కాదు, నా మీద. "మూడు వారాలు పెరుగు మాన్పించావా నాతో?" అన్నారు. లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తెచ్చుకుని అన్నంలో కలుపుకుని తిన్నారు, అప్పటికే ఒకసారి తిని కూడా. రెండు రోజులు నాతో మాట్లాడరని ఫిక్సయ్యాను. పొద్దున్నే ఆయనే వచ్చి అడిగారు: "కోస్తే ఎన్నాళ్ళు మంచం మీద ఉండాలి? మీ అమ్మకు ఇన్సులిన్ ఎవరు చేస్తారు?" అమ్మకి చూపు సరిగా ఆనదు, పదేళ్ళుగా రోజూ రెండుపూటలా ఆయనే సూది వేస్తారు. మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు.

ఇంకోటి, మెట్లు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో నాలుగంతస్తులు ఆగకుండా ఎక్కారు. పైకెళ్ళాక ఆయాసపడ్డారు గానీ మాట్లాడగలిగారు.

వార్డు_సిస్టర్
ఈ ఇన్సులిన్ ప్రశ్న ఏ ట్యూమర్ బోర్డులోనూ (డాక్టర్లంతా కలిసి కేసు చర్చించే సమావేశం) రాదు. వచ్చుంటే ఎంత బాగుండేది.

మత్తుడాక్టరు
నాలుగు బాగానే ఉంది. ఆగకుండా 22 మీటర్లు, అంటే దాదాపు ఏడంతస్తులు ఎక్కేవాళ్ళ గురించి మాకు పెద్దగా బెంగ ఉండదు. మూడైనా ఎక్కితే లోబ్ తీయడానికి పర్వాలేదని పాతకాలం సర్జన్లు అనుకునేవారు. 76లో బీడీ చరిత్రతో నాలుగు అంటే ఊదుడు పరీక్షలు సక్రమంగా చేయించాల్సిన మనిషే. ఇంకో విషయం, పెద్దవాళ్ళ వైద్యం చూసే జెరియాట్రిక్ డాక్టరు దొరికితే ఒక్కసారి చూపించండి. తిండి, బరువు తగ్గడం, జ్ఞాపకశక్తి, రోజుకి ఎన్ని మాత్రలు మింగుతున్నారు, సొంత పనులు ఎంతవరకు చేసుకుంటున్నారు, ఇవన్నీ అడిగి చూస్తారు. పుట్టిన తేదీ కన్నా వాటివల్లే ఎక్కువ తెలుస్తుంది.

గట్టుమీద_గంగ
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, 2024 అక్టోబర్ నుంచి. ఏడాదికి 5 లక్షల వరకు. ముందే తీసిపెట్టుకోండి. మీకు చేయబోయే ఆపరేషన్ ఆ ఆసుపత్రి ప్యాకేజీలో ఉందో లేదో హెల్ప్‌డెస్క్‌లో అడిగాకే అడ్మిట్ చేయండి.

కాకినాడ_కాజా · రెండున్నర నెలల తర్వాత
చాలామంది మెసేజ్‌లు పెట్టారు, జవాబివ్వలేదు, ఏమీ అనుకోకండి. నాన్న ఆగుదామన్నారు. అన్నయ్య వారం రోజులు ఫోన్లో అలిగాడు. మళ్ళీ సీటీ తీశాం. 11 కాస్తా 14 అయింది. 7ది 7గానే ఉంది. కొత్తవి లేవు. సూదితో ముక్క తీస్తే పేగు నుంచి వచ్చిందే అని తేలింది. సూది పెట్టినప్పుడు ఊపిరితిత్తి చుట్టూ కొంచెం గాలి చేరింది, ఒకరాత్రి ఉంచి పంపించారు.

ఈసారి ముగ్గురు డాక్టర్లనీ విడివిడిగా కాదు, బోర్డులో అందరూ కూర్చున్నచోట అడిగాం. పెద్దదానికి కోతైనా సరే, కరెంటైనా సరే, చిన్నదాన్ని చూస్తూ ఉండొచ్చు అన్నారు. నాన్న కోత అన్నారు. కారణం అడిగితే, "లోపల పెట్టి కాల్చితే పోయిందో లేదో ఎవడికి తెలుసు? తీసి చేతిలో పెడితే లెక్క సరిపోతుంది." కండక్టరు బుద్ధి. వచ్చే సోమవారం అడ్మిషన్. అమ్మ ఇన్సులిన్ నేను నేర్చుకున్నాను, ఆయనే పక్కన నిలబడి నేర్పారు.

ఒంటిపూట_బడి
నేనైతే కరెంటే అనేవాడిని. అయినా ఆయన ఛాతీ, ఆయన లెక్క.

వార్డు_సిస్టర్
చకచకా చెప్తా, రాసుకోండి. కళ్ళజోడు, వినికిడి మిషన్ ఉంటే అది, కట్టుడు పళ్ళు, ఒక గడియారం వెంట తీసుకెళ్ళండి. రాత్రిపూట తెలిసిన మొహం పక్కన ఉండాలి. పెద్దవాళ్ళు మత్తు తర్వాత ఒకటి రెండు రాత్రులు అయోమయంలో పడతారు, అరుస్తారు, ట్యూబు పీకేసుకోబోతారు. పిచ్చెక్కిందని భయపడొద్దు, ఎక్కువమందికి తగ్గిపోతుంది. గుండె లయ తప్పడం కూడా ఈ వయసులో జరుగుతుంది, మానిటర్ మోగితే కంగారుపడకండి.

ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల డబ్బా ఇప్పుడే కొని ప్రాక్టీస్ మొదలుపెట్టించండి. అది ఊదేది కాదు, పీల్చేది. నేను చూసినవాళ్ళలో సగంమంది వారం రోజులు ఊదుతూ కూర్చుంటారు, బంతి లేవడం లేదని కంప్లయింట్ ఒకటి.

కాకినాడ_కాజా
మా ఇంట్లోనూ ఇవాళ్టిదాకా ఊదుతున్నారు.

నర్సింలు_నల్లగొండ
అక్కా, మొదట నేను గట్టిగ రాసిన. భయపెట్టాలని కాదు. నొప్పి ఉంటే ఓర్చుకోనియ్యకున్రి. మా నాయిన నొప్పికి దగ్గలేదు, దగ్గక కఫం పట్టింది, నిమోనియా అయింది. అసలు ముంచింది గదే. మందు అడిగి తీసుకోమని చెప్పున్రి.

మత్తుడాక్టరు
నర్సింలు గారు చెప్పింది మా పుస్తకాల్లో నాలుగు పేజీలు ఉంటుంది.

కాకినాడ_కాజా · పన్నెండు రోజుల తర్వాత
ఇంటికొచ్చేశాం, ఆరో రోజున. నాలుగు రోజులే అన్నారు, రెండో రాత్రి గుండె లయ తప్పింది, మందుతో ఒకరోజులో సర్దుకుంది. గడ్డ ముక్క వరకే తీశారు, అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు. ముక్క ఉన్న సీసా ల్యాబ్‌కి పంపేముందు సర్జన్ గారు ఫోన్లో ఫోటో తీసి చూపించారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి "ఇంతేనా" అన్నారు. చిన్నది లోపలే ఉంది, మూడు నెలలకి మళ్ళీ సీటీ.

సిస్టర్ చెప్పినట్టే మొదటి రాత్రి అయోమయం అయింది. "సామర్లకోట, పెద్దాపురం, రంగంపేట, రాజానగరం, రాజమండ్రి!" అని ఐసీయూ అంతా వినబడేలా కేకలు. డ్యూటీలో ఉన్న సిస్టర్లని చిల్లర అడిగారట. తెల్లారాక ఏమీ గుర్తులేదు.

ఒక సందేహం. ట్యూబు పెట్టినచోట గాయం మానింది, కానీ దాని ముందువైపు, ఛాతీ కింద చర్మం మొద్దుబారి ఉంది, చొక్కా తగిలితే చురుక్కుమంటుందట. మామూలేనా?

వార్డు_సిస్టర్
పక్కటెముకల మధ్య నరం నలిగితే అలా ఉంటుంది. ఎక్కువమందికి కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. మెత్తటి నూలు బనీను వేయండి. ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగొద్దు. తర్వాతి చెకప్‌లో నొప్పి సంగతి తప్పకుండా చెప్పండి, కొందరికి నరాల నొప్పి మందు కావాల్సి వస్తుంది. బంతులు ఎన్ని లేస్తున్నాయి?

కాకినాడ_కాజా
రెండు. మూడోది సగం దాకా వచ్చి దిగిపోతోంది. దానితో దెబ్బలాడుతున్నారు.

పుల్లట్టు
ఇంతకీ ఐసీయూ సిస్టర్లు టికెట్లు తీసుకున్నారా?

కాకినాడ_కాజా
ఇద్దరు తీసుకున్నారట. మూడో ఆవిడ స్టాఫ్ పాస్ ఉందందట.